కొలబద్ద

మెరకముడిదాం దాటితే గుంతల రోడ్డు.
బండి వెనక నత్రజని క్యాను.
లోపల సున్నాకి నూట తొంభయ్యారు డిగ్రీల కింద చలి అంటే
తవిటమ్మ నవ్వేది:
"మూత తీసి మా ఇంట్ల కూకోబెట్టు బాబూ, రోణి ఎండల్లో."

ఆవుకి పేరు లేదు.
ఇదిగో, అంటే వచ్చేది.

మొదటిసారి తీగ బాగా సాగింది, గాజులా.
గోరువెచ్చటి నీళ్ళలో స్ట్రా ముంచి
ముప్పై లెక్కపెట్టి
భుజం దాకా తొడుగేసుకుని చేసేను.
ఇరవై ఒక్క రోజులకి మళ్ళీ అరిచింది.
రెండోసారి పొద్దున్న ఎద, సాయంత్రానికి నేను.
మళ్ళీ పొర్లింది.
మూడోసారి డబ్బులొద్దన్నాను,
చెంగు ముడి విప్పి ఇచ్చే తీరింది.
అదీ పోయాక, చెయ్యి కడుక్కుంటూ,
తలెత్తకుండా అన్నాను:
"ఇది గొడ్డే. అమ్మేసుకో."

మా వైపు పశువుకీ, కడుపు పండనిదానికీ
ఒకటే మాట. వాడ్డానికి సులువు.

అలమండ సంతలో ఎవరో తోలుకుపోయారు.
పలుపు ఇవ్వకూడదని
వెనక్కి తెచ్చి గుంజకి తగిలించుకుంది.

శ్రావణంలో, వేరే పనిమీద,
గరివిడి కాలేజీకి క్యాను పట్టుకెళ్ళేను.
మైక్రోస్కోపు అద్దం కింద ఒక చుక్క.
చూడండి, అంది అక్కడ చదువుకుంటున్న పిల్ల.
ఎండిన మడిలో జల్లిన వడ్లు,
ఎక్కడివక్కడే.
ఓ మూల ఒక్కటి
తోక ఆడించి, మానేసింది.

క్యానులో బద్ద దించి తీసింది.
మంచు గీత రెండు వేళ్ళెత్తు.
"కొలిచి ఎన్నాళ్ళయింది?"

పొగ వస్తోంది కదా అనుకున్నాను.
పొగ వస్తే చాలనుకున్నాను.
నాకిచ్చిన బద్దతో
మా పిల్లలు నోటుపుస్తకాల్లో మార్జిన్లు గీసుకుంటున్నారు.

వెళ్ళి చెప్పేను. తప్పు ఆవుది కాదని.
తవిటమ్మ చోడంబలి గిన్నె నా ముందు పెట్టి
పలుపు వైపు చూస్తూ కూర్చుంది.
"నన్నూ గొడ్డేనన్నారు బాబూ.
పద్నాలుగేళ్ళు.
ఏ పసర్లు తాగించేరో, ఎన్ని గుళ్ళు తిప్పేరో.
మా ఇంటోణ్ణి మాత్రం
ఏ అద్దం కిందా ఎట్టలేదు."

ఉల్లిపాయ కొరికితే
ఆ చప్పుడు మరీ పెద్దగా వినిపించింది.

ఇప్పుడు రోజూ కొలుస్తాను.
పదిహేడు. పదహారున్నర. పదహారు.
పుస్తకంలో రాసి సంతకం పెడతాను, ఎవరూ అడక్కపోయినా.

అలమండ సంతకి రెండుసార్లు వెళ్ళొచ్చేను.
ఇదిగో, అని పిలిచి చూసేను.
చాలా ఆవులు తలలెత్తాయి.