రెండో సాక్షి

ఆదోనిలో పత్తి సీజను.
మున్సిపాలిటీ ఆఫీసు మూడో కిటికీ దగ్గర
నా కీబోర్డు సందుల్లో కూడా దూది నుసి.
పగలంతా జనన మరణాలు ఎక్కిస్తాను.
రాత్రి మిద్దె మీద, ఫోను వెలుగులో,
ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వానికి
కూలి లేని కూలీని.

ఈ వారం పంచాయితీ ఒక జపాను నటుడి మీద.
పేరు కురహాషి తెత్సువో.
ఆయన పేజీ ఉంచాలా, తీసెయ్యాలా?
ఏడు రోజుల గడువు. మూడు అయిపోయినాయి.

నలభై ఏళ్ళలో ఆయన వేసిన వేషాలు:
రైలు దిగే మనిషి. రైలెక్కే మనిషి.
సమురాయిల్లో ఎడమ నుంచి నాలుగోవాడు,
మొదటి దెబ్బకే పడిపోయేవాడు.
పిల్లల బొమ్మల కథలో
ఒక ముసలి తాబేలు గొంతు.

"ప్రాముఖ్యత లేదు" అని రాసినాడు ఒకాయన, ఏ ఊరో ఏమో.
"జాబితాలో పేరుంటే చాలదు,
ఈయన గురించి ఎవరో పనిగట్టుకుని రాసి ఉండాలి.
ఒక పత్రిక కాదు, రెండు.
సొంత మనుషులు రాసింది చెల్లదు."

పొద్దున నేనూ అదే మాట అన్నాను, ఉసేనమ్మతో.

పింఛను కోసం వచ్చింది, పుట్టిన తేదీ కావాల.
"కరువు యేడు పుట్టినా" అంది.
"ఈడ కరువు రాని యేడు చెప్పమ్మా, సులువుగా ఉంటాది"
అన్నాడు పక్క సీటు మద్దిలేటి.
అందరం నవ్వినాం. ఆమె కూడా.
సాక్షిగా తమ్ముణ్ణి తెచ్చింది.
అక్క పుట్టడం తమ్ముడు యాడ చూసినాడు?
సొంత మనుషులు చెల్లరు,
బయటోళ్ళు ఇద్దరు కావాల అన్నాను.
"నన్ను ఎరిగినోళ్ళంతా సచ్చిపోయిరి గదమ్మా,
వాళ్ళ సావులు నీ బుక్కులోనే ఉంటాయి, సూడు" అంది.

కురహాషి సినిమా ఒకటి దొరికింది.
కింద అక్షరాలు లేవు, భాష రాదు.
నలభై మూడో నిమిషంలో వచ్చినాడు, పోస్టుమ్యాను.
వాన. వాకిట్లో హీరోయిను ఉత్తరం చదివి ఏడుస్తాంది.
కెమెరా ఆమె మీదే.
వెనక మసకలో ఈయన టోపీ తీసి, నీళ్ళు దులిపి,
మళ్ళీ పెట్టుకోబోయి ఆగినాడు.
ఆమె ఏడుపు అయ్యేదాకా
టోపీ చేతిలోనే పట్టుకుని
గోడ వైపు చూస్తా నిలబడినాడు.
తొమ్మిది సెకండ్లు.
వెనక్కి జరిపి జరిపి
నా డేటా అయిపోయింది.

హాట్‌స్పాట్ మా మరిది ఫోనుది, అడక్కుండానే వాడుకుని
"ఉంచాలి" అని టైపు చేసినాను. కారణం రాయాల.
టోపీ అని రాస్తే కారణం అవుతుందా?
"నచ్చింది కాబట్టి" అనేది చెల్లని వాదమని
నేనే కిందటేడు ఎవరికో పాఠం చెప్పినా.

ఇంకో ముల్లు కూడా ఉంది.
ఎన్నడూ నా కిటికీ దగ్గరికి రాని మనిషి మీద
అర్ధరాత్రి జాలి పడటానికి ఖర్చేముంది?
పేజీ పోతే ఆయన పింఛను ఆగదు.
పొద్దున ఆమె
చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడింది.
నేను స్క్రీను వైపే చూస్తా మాట్లాడినా.

"ఉంచాలి" చెరిపేసినాను.
"తొలగించాలి" రాసి, అదీ చెరిపేసినాను.
చివరికి "వ్యాఖ్య" అని పెట్టి రాసినా:
ఈయన సొంత ఊరి పాత పత్రికలు
ఎవరైనా తిరగేసినారా?
జపాను లిపి వచ్చినవాళ్ళు ఒకసారి చూడండి.
అంతవరకు గడువు పెంచండి.

తెల్లారి తొమ్మిదికే రికార్డు గది తాళం తీయించినా.
గబ్బిలాల కంపు, పురికొసతో కట్టిన రిజిస్టర్లు.
ఆమె పేట పేరు కింద, ఆ నాలుగైదేళ్ళలో,
"ఆడ శిశువు" అని పదకొండు వరసలు.
పేరు గడి ఖాళీ.
తండ్రి పేరు సగం చెదలు తినింది.
మంత్రసాని వేలిముద్ర మాత్రం
పదకొండింటికీ ఒకటే.

మద్దిలేటీ, టీ తర్వాత తాగుదువులే.
ఉసేనమ్మ ఇల్లు యాడుందో
ముందు కనుక్కో.