పేరు గడి

బాలానగర్‌ల మా షెడ్డుకు రెండు కిటికీలు.
ఒకటి తెరుచుకోదు.
రెండోది తెరిస్తే నాలా.

పదకొండేండ్ల సంది లేత్ ముందట నిలబడి
నేను చేస్తున్నది ఒక ఉంగరం.
వేలికి పట్టేది కాదు, కాలికి మెట్టె కాదు.
అల్యూమినియం, లోపల సన్నటి మరలు.
వెంట్రుకల పదో వంతు తేడా వచ్చినా
కౌసల్య మైక్రోమీటర్‌తోని పడ్తది,
ఎర్ర డబ్బాల ఏస్తది,
నా కూలిల కోత రాస్తది.

డ్రాయింగ్ మీద గీతలుంటయి, కొలతలుంటయి,
మూలకు ఒక నంబరుంటది.
పేరు గడి ఖాళీ.
"ఇదేంది సార్?" అని ఒకసారి అడిగిన.
"ఇది నీ జీతం" అన్నడు సూపర్‌వైజర్.
నవ్వినం.
ఆయన అబద్ధమైతే చెప్పలే.

మొగులయ్య రెండు వేళ్లు
ఆ ఉంగరం చేస్తుంటెనే పోయినయ్.
ఈఎస్ఐ కార్డు అప్పటికి ఏడాది సంది
రేపో మాపో వస్తనే ఉన్నది.

యూనియన్ ఆఫీసుల డిమాండ్లు రాస్తున్నం.
కనీస వేతనం ఇరవై ఆరు వేలు.
ఓవర్‌టైముకు డబల్.
కాంట్రాక్టోళ్లంత పర్మినెంటు.
ఆడోళ్లకు బాత్రూము, దానికి లోపట గడియ.
ఇలియాస్ ఐదో నంబరేసి పెన్ను ఆపిండు.
"గాజా" అన్నడు.

ఫ్యాను చప్పుడొక్కటే.
జంగయ్య లేచిండు:
"ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత.
మన పీఎఫ్‌కే దిక్కు లేదు,
ఆడికెందుకు పోవుడు?"
సగం మంది తలలూపిన్రు.
నేను గూడ ఊపిన. దాచుడెందుకు.

ఎన్నడు నోరు తెరువని కౌసల్య
టిఫిన్ సంచిలకెళ్లి
ఎర్ర డబ్బా ఉంగరం ఒకటి తీసింది.
బల్ల మీద ఏస్తే
తిరిగి తిరిగి చప్పుడు చేసుకుంట పండుకున్నది.
"ఇది యాడికి పోతది?
నీళ్ల మోటరుకా, దవాఖాన్ల మిషన్‌కా,
పిల్లలు నిద్రపోతున్న కప్పు మీదికి
ఎగిరొచ్చేదానికా?
పాస్ కొట్టేది నేను. సంతకం నాది.
వెంట్రుకంత తప్పును ఇడువనిదాన్ని
గింత పెద్ద సంగతి ఎట్ల అడుగకపోతి?"

ఎవరికీ తెల్వదు.
మాకు తెల్వదన్న సంగతి
ఆ పూటనే తెలిసింది.

ఐదు: మేం చేసేదేందో మాకు చెప్పాలె.
ఆరు: గాజా మీద బాంబులు బందు కావాలె.
జంగయ్య ఆరుకు చెయ్యెత్తలే.
ఎత్తకున్నా బ్యానర్ కట్టె మాత్రం మోసిండు.

ఇందిరా పార్కు ధర్నా చౌక్.
పది గంటలకే నీడ గోడ లోపటికి పోయింది.
పర్మిషన్ నాలుగింటి దాక, జీతాల మీద మాత్రమే.
ఎస్సై బ్యానర్ సదువుకుంట వచ్చి ఆరు కాడ ఆగిండు.
"ఇది లోకల్ ఇష్యూ కాదు గదా?"
మొగులయ్య కుడి చెయ్యి ముందట పెట్టిండు.
"నా ఏళ్లు లోకలే సార్.
అవి తిన్న సామాను ఏ దేశం పోయిందో
మీరన్న చెప్పున్రి."
ఎస్సై చెప్పలే.
ఆఖరి లైను మడిచి కట్టుమన్నడు.
మడిచినం. గాలికి ఊడింది. మళ్ల మడిచినం.
మూడోసారి ఆయన వేరే దిక్కు చూస్తున్నడు.

పక్క టెంటుల అంగన్వాడి టీచర్లు.
బిందెల మజ్జిగ కలిపి మాకూ పోసిన్రు.
అండ్ల ఒకామె, బాలమణి, మెదక్ దిక్కు మనిషి,
బ్యానర్ చూసి అడిగింది:
"గాజా అంటె ఏ జిల్లా?"

ఎవలన్న నవ్వుతరేమో అనుకున్న.
జంగయ్యే చెప్పిండు, గ్లాసు కింద పెట్టి:
"చానా దూరం అక్క. సముద్రం ఒడ్డు.
పిండి కోసం లైన్ల నిలబడ్డోళ్లను కాల్చిన్రని
పేపర్ల సదివిన."
ఆమె కొంగుతోని మొకం తుడుసుకున్నది.
నెలనెలా పిల్లల్ని తూకమేసే మనిషి.
"మరి ఆడ పిల్లల తూకం ఎవరు చూస్తున్నరు?"

జంగయ్య కాడ జవాబు లేదు.
మజ్జిగ ఇంకో గ్లాసు అడిగిండు.

సోమవారం.
యాజమాన్యం నుంచి ఉత్తరం రాలే,
కొత్త డ్రాయింగ్ వచ్చింది.
గీతలు, కొలతలు, మూలకు నంబరు.
నేను వంద చేసిన.
కౌసల్య వంద కొలిచింది, వందా సరిగ్గున్నయ్.
పెన్ను మూత తియ్యలే.
సూపర్‌వైజర్ రెండుసార్లొచ్చి పోయిండు.
లంచ్ గంట మోగింది.
డబ్బా ఆమె బల్ల మీదనే ఉన్నది.