ముల్లు

మొదట కేబుల్నే అనుమానించాను.
తర్వాత ఛార్జర్ని, రాత్రి రెండుసార్లు పోయిన కరెంటుని,
కిటికీలోంచి వచ్చి అన్నిటినీ నాకిపోయే ఈ ఉప్పుగాలిని.
జాలారిపేటలో అద్దెకున్నవాడికి
నేరం తుప్పు మీద మోపడం తేలిక.

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు:
డిస్కు కనబడటం లేదట.
కనబడకపోవడమేమిటి, నా అరచేతి కిందే ఉంది,
వెచ్చగా. లోపలెవరో గోటితో తలుపు తడుతున్నట్టు
టిక్. టిక్. టిక్.
కాసేపాగి, మళ్ళీ.

కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టు, పొద్దుటికి అదే లేస్తుందన్నాడు
మా బావ, ఫోన్లో.
పెట్టలేదని అబద్ధమాడను.
వంజరం ముక్కల పక్కన పది నిమిషాలుంచి
సిగ్గేసి తీసేశాను.

డాబా గార్డెన్స్‌లో మేడమీది షాపు.
ఇంతియాజ్ దాన్ని చెవికానించుకుని కళ్ళు మూసుకున్నాడు,
పుచ్చకాయ కొనేవాడిలా.
"పళ్ళెం తిరుగుతోందన్నా. ముల్లుకే
చోటు దొరక్క వెనక్కొచ్చేస్తోంది.
ఎన్నిసార్లు ఆన్ చేశావు?"
లెక్క తగ్గించి చెప్పాను.
"ఇంక చెయ్యకు. చేసినప్పుడల్లా
నీ పెళ్ళిళ్ళ మీద గీత పడుతుంది."

నా పెళ్ళిళ్ళు.
ముప్ఫై ఏడు, రెండేళ్ళవి.
ఇంకో కాపీ ఎక్కడుందని అతనడగలేదు.
అడగకపోవడం అతని మర్యాద.

చెన్నై పంపాలట. దుమ్ము లేని గదిలో
మొహాలు కప్పుకుని విప్పుతారట.
నలభై రెండు వేలు. ఏమీ రాకపోయినా
విప్పినందుకు ఆరు.
ఈ లాప్‌టాప్‌నే నేను ఇరవై తొమ్మిదికి కొన్నాను,
అదీ ఒకరు వాడి వదిలేసింది.

అందరికీ ఫోన్లు చేశాను, తలా కొంత వేసుకుంటారేమోనని.
ఎడిట్ చేసిన వీడియో చేతికందినవాళ్ళకి
మిగతాది ఏమైపోతేనేం?
మధురవాడ వాళ్ళు బాకీ ఎగ్గొట్టడానికి వంక దొరికిందని
సంతోషం దాచుకుంటూ తిట్టారు.
సింహాచలం కొండ మీద పెళ్ళి చేసుకున్న హైమవతి
చాలాసేపు మాట్లాడలేదు.
"మేం విడిపోయాం కదండీ" అంది చివరికి.
"పోనివ్వండి. పోయిందే మంచిది."
ఆ ఒక్కదాని పేరు కొట్టేశాను, కొంచెం తేలికపడి.

సాయంత్రం సన్నాయి పైడయ్య వచ్చాడు.
ఎవరు చెప్పారో.
మెట్లెక్కిన ఆయాసం తగ్గేదాకా గోడ పట్టుకుని నిలబడి
"ఆ కొండమీది పెళ్ళి ఉన్నాదా బావూ అందులో?
తెల్లారగట్ల తోడి వాయించేను. అదే ఆఖరు.
తర్వాత పళ్ళు ఊడిపోనాయి.
గాలి నిలవడం నేదు."

నాకు గుర్తొచ్చింది.
ముహూర్తానికి ఇంకా గంటుంది. చలి.
కెమెరా స్టాండు మీదే వదిలేసి టీకి పోయాను.
నేను తిరిగొచ్చేసరికి ఖాళీ కుర్చీలకి
ఆయన ఇంకా వాయిస్తూనే ఉన్నాడు.

పైడయ్యకి చెప్పలేనిది ఒకటుంది.
నేను ఇచ్చిన ఏ పెళ్ళి వీడియోలోనూ ఆయన సన్నాయి లేదు.
ప్రతిసారీ దాన్ని తీసేసి
పైన సినిమా పాట వేశాను. అందరూ అదే అడుగుతారు.
ఆయన ఊపిరి ఎక్కడైనా మిగిలుంటే
ఈ టిక్ టిక్ వెనకే,
ఎవరికీ అక్కర్లేని ఆ పెళ్ళిలో.

తువ్వాలు కొస విప్పి
ఐదువందల నోటు బల్ల మీద పెట్టాడు.
"నా వంతు."
వద్దనబోతే అప్పటికే మెట్లు దిగుతున్నాడు,
ఒక్కో మెట్టూ చూసుకుని.

ఇప్పుడు రాత్రి పదకొండు. సముద్రం హోరు.
డిస్కుని మళ్ళీ దాని గూట్లో బిగించాను, ఎందుకో.
బొటనవేలు బటన్ దాకా పోతుంది,
వెనక్కొస్తుంది.
పోతుంది. వెనక్కొస్తుంది.

కాంప్లెక్స్ దగ్గరి కొరియర్ వాళ్ళు
తొమ్మిదిన్నరకి తెరుస్తారు.