పడమటి గోడ

కాగితం మీద ఆ గోడ తొమ్మిదంగుళాలు.
కిటికీకిటికీకీ సన్‌షేడు,
డాబా మీద రెండంగుళాల ఇన్సులేషను.
కింద నా సంతకం.
కిందటేడు మార్గశిరంలో పెట్టాను,
ఫ్యాను కూడా అక్కర్లేని పూట.

ఇవాళ రోహిణి మూడో రోజు.
పటమట దాటి, ఇరుకు సందులో ఐదంతస్తులు.
లిఫ్టు ఇంకా బిగించలేదు.
మెట్ల పక్కన ఇనప కమ్మీ
చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఉష్ణోగ్రత కొలిచే తుపాకీ తీశాను.
డాబా: అరవై మూడు.
పడమటి గోడ, లోపలివైపు: నలభై ఆరు.
కిటికీ అంచున టేపు పెడితే నాలుగున్నర అంగుళాలు,
బయట మాత్రం తళతళలాడే నీలి అద్దం.
సన్‌షేడులేవి?
"ఎలివేషను పాడవుద్ది మేడమ్" అన్నాడు బిల్డరు,
"ఎటూ అందరూ ఏసీలు పెట్టుకుంటారు గదా."
మజ్జిగ తెప్పించాడు, అల్లం దంచి వేసి, చల్లగా.
తాగాను. అబద్ధమెందుకు.

ట్యాంకు పక్కన రేకుల గది.
వాచ్‌మన్ ఏసోబు భార్య గోనెపట్టా తడిపి
గుమ్మానికి వేలాడదీస్తోంది.
"తడున్నంతసేపే మేడమ్ దీని మాట చెల్లేది."
కూతురు కెజియా, ఆరో తరగతి,
తుపాకీ ఒక్కసారి ఇమ్మంది.
రేకుకి గురిపెట్టింది. అమ్మ నుదుటికి,
తన చెప్పుకి, పిట్టగోడ మీది కాకికి
(కాకి ఆగలేదు).
చివరికి నా సంచిలోంచి తొంగిచూస్తున్న ఫైలుకి.
"ముప్పై ఆరు!
మేడమ్, మా అమ్మకన్నా ఇదే చల్లగుంది."

నవ్వింది పిల్ల. నేనూ నవ్వబోయాను.

దిగుతూ అనుకున్నాను,
స్లాబు పోశాక వచ్చి అడిగితే
స్లాబు ఏం చెబుతుంది?
ఇటుక ఇంకా ఇటుకలా కనపడుతున్నప్పుడే రావాలి,
సున్నం దాన్ని మంచిదాన్ని చేసెయ్యకముందే.
డాబా మీద ఆ రెండంగుళాలూ పరిచే రోజున
వాటి మీద నిలబడి చూడాలి.
నిరుడే రావాల్సింది.
నిరుడు నాకు నలభై ఫైళ్లు, ఒక స్కూటరు.
ఇది సాకు అని కూడా నాకు తెలుసు.

బండి సీటు మీదే ఫారం పరిచాను.
"నిబంధనల మేరకు ఉన్నది": అచ్చయి ఉంది ముందే.
లేదు అని రాయడానికి గడి లేదు.
పక్కన, మార్జిన్‌లో రాశాను,
అక్షరాలు ఇరికించి, అంగుళాలతో సహా.

బిల్డరు గేటు దగ్గర ఎవరికో ఫోను చేస్తున్నాడు.
సిరా మాత్రం
ఆ ఎండకి చిటికెలో ఆరిపోయింది.