విజిల్

చెవి వెనకాల రేగ్గాయంత గడ్డ.
కేన్సరు కాదు, భయం లేదన్నారు.
దాని పేరు పలకడానికి నోరు తిరగలేదు నాకు.
అప్పటికింకా తిరిగే నోరు ఉండింది.

తిరుపతి పెద్దాసుపత్రిలో తొమ్మిది గంటలు.
గడ్డ పోయింది.
పోతా పోతా ఎడమ చెవిని ఎత్తకపోయింది,
ముఖంలో సగాన్ని డిపోలో పెట్టి తాళమేసింది.

పంతొమ్మిదేండ్లు
కదిలే బస్సులో కమ్మీ పట్టుకోకుండా నిలబడి
చిల్లర లెక్కపెట్టినదాన్ని.
ఇప్పుడు మా వంటింట్లో, కదలని బండల మీద
తొండవాడ మలుపులో మాదిరి తూలతా ఉండా.
గోడే కమ్మీ.

ఎడమ కన్ను మూతపడదు.
రాత్రయితే హేమ మందు పూసి
రెప్పని కిందికి లాగి టేపు అంటిస్తాది.
కుడి కన్ను నిద్రపోయినా
ఎడమది టేపు కింద డ్యూటీలోనే ఉంటాది.

సంగటి ముద్ద మింగితే చాలు, ఆ కంట్లోంచే నీళ్ళు.
ఎదురింటి కుప్పమ్మత్త చూసి
"ఎందుకు పాపా ఏడుస్తావు, బతికినావు గదా" అనింది.
ఏడుపు కాదత్తా, నరం దారి తప్పింది,
నోటికి పోవాల్సింది కంటికి పోతా ఉంది,
చిత్తూరు బోర్డు పెట్టుకోని పీలేరు పొయ్యే బస్సు మాదిరి
అని చెప్పబోతే
పెదవి మూల నుంచి ఊరిబిండి జారింది.
ఆ పొద్దు నిజంగానే ఏడ్చినా.
రెండు కండ్లతో.

ఇంక నొప్పి.

ఐదో నెల దాకా చెంప చెక్క.
గిల్లుకుంటే ఎవరిదో చెంప.
ఒక తెల్లారి ముఖం కడుక్కుంటా ఉంటే
కరెంటు తీగ తెగి తడి నేల మీద పడినట్టు
చెవి కాడ నుంచి దవడ దాకా ఒకటే మెరుపు.
చెంబు ఎక్కడ పడిందో తెలీలేదు.
అప్పట్నించి ఫ్యాను గాలి పడదు, పైట కొంగు పడదు.
చెల్లెలి బిడ్డ ముద్దు పెట్టబోతే
చెయ్యి అడ్డం పెట్టినా.
దానికి నాలుగేండ్లు. మళ్ళీ నా దగ్గిరికి రాలేదు.

"నరం మేలుకుంటా ఉండాదమ్మా, మంచిదే" అన్నాడు డాక్టరు.
మంచిదే సార్.
అది రోజూ తెల్లారి మూడుకే,
సరిగ్గా ఫస్టు సర్వీసు టయానికే
ఎందుకు మేలుకుంటాదో అడగలేదు నేను.

ఫిజియో షాహీన్ అద్దం ముందర కూచోబెట్టి
ప, ఫ, బ, భ, మ చెప్పమంటాది.
రెండు పెదవులూ కలిస్తేనే పుట్టే అక్షరాలంట.
ఇన్నేండ్లూ వాటి మీదే బతికినానని అప్పుడు తెలిసింది.
పూతలపట్టు, పనపాకం,
ముందుకి జరగండమ్మా, పాసులు చూపించండి బాబూ.
ఇప్పుడు పూతలపట్టు హూతలహట్టు.
షాహీన్ నవ్వు ఆపుకునింది. నేను ఆపుకోలేదు.
అద్దంలో సగం నవ్వతా ఉంటే
మిగతా సగం
పిలవని పెండ్లికి వచ్చిన చుట్టం మాదిరి చూస్తా ఉండింది.

మొన్న చెకప్పుకి బస్సెక్కినా, టిక్కెట్టు కొనుక్కోని.
కుడి కిటికీ కాడ కూచుంటే
గాలి చెంపకు తగలదు,
కానీ బస్సు బస్సంతా చెవిటి పక్కకు పోతాది.
ఎడమ కిటికీ కాడ అందరూ వినిపిస్తారు,
చెంప కాలిపోతాది.
పూతలపట్టు దాకా కుడి పక్కే కూచున్నా.
ఉండబట్టలేదు.
తల చుట్టూ శాలువా బిగించుకోని ఎడమకి మారినా.

రూపాయి కోసం ఎవరో కొట్లాట.
చంటిబిడ్డ ఏడుపు. కోడి ఒకటి, సంచిలో.
కొత్త కండక్టరు, మీసాలు కూడా సరిగా రాని పిల్లోడు,
చంద్రగిరిలో దిగేవాళ్ళు దిగినాక
విజిల్ నోట్లో పెట్టి ఊదినాడు.

నా పెదవులు వాటంతటవే సున్నా చుట్టబోయినాయి.
కుడి పక్క చుట్టింది.
ఎడమ మూల
కదిలిందో,
బస్సే గుంతలో పడిందో.