పీతబండి సంజాయిషీ

మెమో వచ్చింది,
మూడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మని.
హోంగార్డు గరికిన పోలయ్య చదువు సంతకం దాకానే.
అందుకని స్టేషన్ రైటర్ని, నేను కూర్చున్నాను:
తెల్లకాగితం, కార్బను, చల్లారిపోతున్న టీ.

బండి సంగతి ముందు రాయాలి.
నాలుగు లావు చక్రాలు. తలుపుల్లేవు, కప్పు లేదు.
నంబరు ప్లేటు ఉండాల్సిన చోట పేరుకున్న ఉప్పు.
జాలరిపేట పిల్లలు పీతబండి అంటారు.
కాగితాల్లో మాత్రం అది బండే కాదు,
"ఇసుకపై గస్తీకి సరఫరా చేసిన పరికరం."
లాఠీ లాగా, తాడు లాగా,
గాలి నింపిన ట్యూబు లాగా.

రూళ్ళు నాకు కంఠతా వచ్చు.
ఇసుక మీద ఇరవై దాటకూడదు.
తాబేళ్ళు గుడ్లు పెట్టే నెలల్లో తడి ఇసుక దాటి పైకి రాకూడదు,
రాత్రి పెద్ద లైటు వేయకూడదు.
చక్రానికి తారు తగలకూడదు.
రోడ్డు దాటాలంటే ట్రాలీ ఎక్కి
పల్లకీలో పెళ్ళికూతురిలా దాటాలి.
ఆ ట్రాలీని గాజువాకలో వెల్డింగుకి ఇచ్చి పదకొండు రోజులు.

ఆదివారం పొద్దున్న ఆరుంబావు.
కోస్టల్ బ్యాటరీ ఎదర అల లాగేసింది ఒక గుంటణ్ణి.
ముంతమసాలా డబ్బా కడగడానికి దిగాడట.
పోలయ్య దూకాడు, తీశాడు.
పేరడిగితే నోట్లోంచి నురగ.

నూట ఎనిమిదికి ఫోను చేస్తే వస్తోంది, వస్తోంది.
వాకింగు వాళ్ళ కోసం బీచ్ రోడ్డు మూసేసే వేళ కదా,
ఆ చివర బారికేడు తాళంచెవి వెతుకుతున్నారు.
ఎదురుగా కలెక్టరాఫీసు డౌను,
దాని తలమీద కేజీహెచ్.

ఇక్కడ ఏం రాయను?
"ఏటి రాస్తారు బాబూ," అన్నాడు పోలయ్య,
"గుంటడు ఊపిరి తియ్యనేదు.
ట్రాలీ వొచ్చేదాకా ఆగమంటారేటి?"
ఇది సంజాయిషీ భాష కాదని కొట్టేశాను.
కొట్టేసినదాని మీదే మళ్ళీ రాశాను.

ఫిర్యాదు ఇచ్చినాయన పోర్టులో రిటైరైన పెద్దమనిషి.
రాసింది అబద్ధం కాదు:
వాహనాలు కూడని వేళ వాహనం వచ్చింది,
నా భార్య మోచేతి పక్కనుంచి పోయింది,
హారను లేదు.
నిజమే, లేదు. సైరను జాబితాలో
దీని పేరు లేదు గనక పెట్టనివ్వలేదు.
పోలయ్య నోటితోనే అరుస్తూ ఎక్కించాడు డౌను,
వల లాగేటప్పటి అరుపు.
ఆమె పడి ఉంటే?
మెమోలో లేని ప్రశ్న, నేనే వేసుకున్నాను.
పడి ఉంటే ఈ కాగితం ఇంకోలా రాసేవాణ్ణి,
ఈ పోలయ్య మీదే, ఈ చేత్తోనే.

ఒక మెలిక దొరికింది నాకు.
ఆ గంటలో రోడ్డు మీద వాహనం కూడదు.
ఇదేమో మన కాగితాల ప్రకారం వాహనం కాదు.
మరి ఎవరు ఏ గీత దాటినట్టు?
నవ్వొచ్చి ఎస్సైగారికి చెప్పాను. ఆయన నవ్వలేదు.
"తెలివి వద్దు. టైములు రాయి."

రాస్తున్నాను.
ఇసుక అంచు నుంచి క్యాజువాలిటీ మెట్ల దాకా
టేపుతో కొలిస్తే తొమ్మిదివందల పది మీటర్లు.
తారు మీద రాలిన ఇసుక సగం డౌను దాకా,
ఆ పైన నీటి చుక్కలు.
తిరుగు దారిలో ఇంజను ఆపేశాడు.
నలుగురు కుర్రాళ్ళు వెనక్కి లాగి పట్టుకుంటే
దొర్లించుకుంటూ దిగాడు, రూలు ప్రకారం.
ఇసుకలో వెదురుపుల్లలు పాతిన తాబేలు గూడు వస్తే
చుట్టూ తిప్పి తీసుకెళ్ళాడు.
"ఇది కూడా రాయాలా బాబూ?" అన్నాడు. రాశాను.

కేసు షీటు చూసి పేరు ఎక్కించాను:
చోడిపల్లి లోవరాజు, పదకొండేళ్ళు.
బతికాడా అని మెమో అడగలేదు,
ఆ గడి లేదు.
మార్జిన్లో పెన్సిలుతో రాసి పెట్టాను
చెరిపేయడానికి వీలుగా,
కొంచెం గట్టిగా నొక్కి.