ఎడమకి తిప్పాలి

ఫాదరు గారి మాటలు అయిపోనాయి కదా,
కరెంటు పోయి తెర మీద బొమ్మ సగంలో ఆగిపోయింది కదా,
ఈలోగా నాతో రండి బాబూ, మీరూ రండమ్మా.
నాను దండాసిని. కెమిస్ట్రీ లేబు ఎటెండర్ని.
తాళాలన్నీ నా మొలకే ఉంటాయి.

ఓరింటేషన్ అంటే ఏటని నిరుడు ఒక మేడమ్మని అడిగాను.
తూర్పుకి తిరగడం అంది.
మా గుణుపురంలో ఎటు తిరిగినా కొండే మరి,
మధ్యలో వంశధార,
ఎండాకాలం మేకపిల్ల దాటీసినంత.

గేటు మీద పేరు మూడు లిపుల్లో ఉన్నాది.
తెలుగులో ‘విశ్వ’ కింద వత్తు రాలిపోయింది,
పర్లాకిమిడి పెయింటరు వస్తాననీసి మూడేళ్లు.
విశవిద్యాలయం అని చదివి కొత్తోళ్లు నవ్వుతారు.
మీరూ నవ్వీండి, ఇక్కడే, గేటు కాడే.

పన్నెండుకి గంట కొడతాను.
మీది ఏ దేవుడని ఎవలూ అడగరు.
నాది పాతపట్నం నీలమ్మ తల్లి, ఫాదరుకి తెలుసు.
సుద్దముక్క కింద పెట్టి నిమిషం నిలబడితే సాలు.
కొందరు గుండెల మీద సిలువ గీసుకుంతారు,
గీసుకోనోళ్లు కిటికీలోంచి మేకలని సూత్తారు.
రెండూ ప్రార్థనే అంటాది సిస్టర్ ఫ్లావియా.
మేకల సంగతి నాకు తెల్దు.

మార్చిలో సగం బెంచీలు కాళీ.
ఎంటనే ఆబ్సెంటు ఎయ్యకండి.
కొండ మీద జీడిపిక్కలు రాలతాయి,
ఫీజు అక్కడి నుంచే దిగుతాది.
తిరిగొచ్చిన పిల్లల వేళ్లకి కాలిన మచ్చలు.
యాసిడ్ పడిందనుకోని ఒక కొత్త సారు
నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు.

ఇది మూడో బెంచి.
కూకోండి ఒకపాలి.

సుబాసి గమాంగో అనీసి ఒక గుంట ఇక్కడ కూకునేది.
సారు ప్రశ్న ఏసేడు. లేచి నిలబడింది.
నోరు పెగల్లేదు.
తెలుసు ఆ గుంటకి. సవరలో తెలుసు.
సవర నుంచి ఒడియాకి ఒక గెడ్డ,
ఒడియా నుంచి ఇంగ్లీషుకి ఇంకో గెడ్డ,
రెండు గెడ్డలు దాటి రావాలి మాట
తడిబట్టల్తోటి.
సారు గోడ గడియారం సూసేడు.
గెటవుట్ అన్నాడు.

వరండాలో నా కాడికొచ్చి సెప్పింది జవాబు,
మొత్తం, సేతులు తిప్పుకుంటా, సవరలో.
నాకు సవర రాదు.
అప్పటికి పంతొమ్మిదేళ్లు ఇక్కడ.
ఎళ్లి, ఆ పిల్లకి తెలుసండీ అననొచ్చు.
బీకర్లు కడుగుతున్నాను.
కడుగుతానే ఉన్నాను.
మర్నాడు బెంచి కాళీ.
అది జీడి కాలం కాదు.

గుడి ఎనకాల రాళ్లు సూసేరా,
మూడోది ఫాదర్ ఆన్‌సెల్ముది.
ఎక్కడో మంచు కురిసే దేశం,
ఓడెక్కి వచ్చి, జొరాలు పడి, 
ముసిలమ్మల పక్కన చోడి అంబలి తాగుతా
పదేళ్లకి సవర నేర్చాడంట.
తప్పులు పలికితే గుంటలు ఇరగబడి నవ్వీవోరంట.
నాది పక్క ఊరు.
రైలెక్కితే రెండు గంటలు.

ఇప్పుడు రాత్రిపూట వాచ్‌మేన్ దగ్గర నేర్చుకుంటున్నాను.
అంకెలు వచ్చాయి. సుట్టరికాలు రాలేదింకా.
గొంతులో సగం మాట మింగీసినట్టు పలుకుతారు,
ఆ మింగడం నాకు చాతవదు.

ఇదిగో మీ గది తాళం.
లోకంలో తాళాలన్నీ కుడికి.
ఇది ఎడమకి తిప్పాలి.
బలం ఎయ్యకండి, ఇరిగిపోద్ది.
తలుపు కాసింత ఎత్తి, అలగ పట్టుకోని, ఆగండి.
ఇంకాసేపు.
రానట్టే ఉంటాది.

అదిగో కరెంటొచ్చింది.
బొమ్మ మిగతా సగం సూపిస్తారు,
పదండి.